తెరచాప పడవలో అరిగిన ప్రొపెల్లర్ షాఫ్ట్ బేరింగ్ మార్చడం: సమగ్ర మార్గదర్శి

ఇంజిన్ మీద వెళ్తుంటే వెనక నుంచి గరగరమనే చప్పుడు, ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే కాళ్ల కింద వణుకు, ఎంత బిగించినా గ్లాండ్ (ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ పడవలోంచి బయటికి వచ్చే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపేది) దగ్గర ఆగని నీళ్లు. వీటిలో ఏ రెండు కనబడినా ముందు అనుమానించాల్సింది షాఫ్ట్ వెనక చివర నీళ్లలో ఉండే బేరింగ్‌నే. కట్‌లెస్ బేరింగ్ అని పిలిచే ఈ వస్తువు చూడ్డానికి చిన్నదే. బయట ఇత్తడి గొట్టం, లోపల పొడవునా గాడులు ఉన్న నైట్రైల్ రబ్బరు. నూనె, గ్రీజు ఏమీ అక్కర్లేదు. ఆ గాడుల్లోంచి పారే నీళ్లే దీనికి కందెన.

మార్చడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, ఓపిక కావాలి. చాలామంది పాతది పీకి, కొత్తది దిగ్గొట్టి, పడవను నీళ్లలోకి దించేస్తారు. కొన్నాళ్లకే మళ్లీ అదే చప్పుడు. బేరింగ్ త్వరగా అరిగిందంటే దాన్ని అరగదీస్తున్నది ఇంకేదో పడవలో ఉండే అవకాశం ఎక్కువ. అది దొరక్కుండా పని పూర్తికాదు.

సెయిల్‌డ్రైవ్ (ఇంజిన్ కింద నుంచి నేరుగా నీళ్లలోకి దిగే కాలు లాంటి గేర్ యూనిట్) ఉన్న పడవలకు ఇదంతా అక్కర్లేదు, వాటిలో ఈ బేరింగ్ ఉండదు.

1. నిజంగా మార్చాలా? ముందు తేల్చుకోండి

పడవ ఒడ్డున, స్టాండ్ల మీద ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌కి కాస్త ముందు షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, తర్వాత పక్కలకీ ఊపండి. కొత్త బేరింగ్‌లో కదలిక చేతికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. టకటకమని ఆడుతుంటే కొలవాలి.

షాఫ్ట్‌ని పైకి ఎత్తి పట్టుకుని, కింద ఏర్పడిన సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) గానీ డ్రిల్ బిట్ వెనక భాగం గానీ దూర్చి చూడండి. 25 మి.మీ. షాఫ్ట్‌కి సుమారు 1.5 మి.మీ. ఆట వచ్చిందంటే మార్చే సమయం దాటినట్టే. ఒక మిల్లీమీటరు దగ్గర ఉండి, పడవ ఎలాగూ ఒడ్డునే ఉంటే నేనైతే ఆగను. బేరింగ్ కోసమే మళ్లీ పడవను బయటికి తీయించడం కన్నా అది మేలు.

ఇంకో సంగతి. ఊపినప్పుడు కదిలేది షాఫ్టా, లేక స్ట్రట్ మొత్తమా? స్ట్రట్ అంటే హల్ (పడవ అడుగు, పక్కలు కలిసిన గుల్ల) కింద నుంచి దిగి షాఫ్ట్‌ని పట్టుకునే కాలు, కొందరు పీ-బ్రాకెట్ అంటారు. దాని మొదట్లో హల్ దగ్గర వెంట్రుక లాంటి పగులు గానీ తడి గానీ కనిపిస్తే ముందు ఆ పని చూడాలి. కదులుతున్న స్ట్రట్‌లో కొత్త బేరింగ్ పెట్టడం వృథా.

2. మీ బేరింగ్ ఎక్కడ ఉంది, ఏ దారిలో తీస్తారు

చిన్న పడవల్లో రెండు అమరికలు కనిపిస్తాయి. ఒకటి, స్ట్రట్‌లో బేరింగ్. రెండోది, షాఫ్ట్ హల్‌లోంచి బయటికి వచ్చే స్టెర్న్ ట్యూబ్ చివర్లో బేరింగ్. కొన్నింటిలో రెండు చోట్లా ఉంటాయి.

స్ట్రట్‌లో ఉంటే రెండు దారులు. షాఫ్ట్ తీయకుండా, ప్రొపెల్లర్ మాత్రం విప్పి, షాఫ్ట్ చుట్టూ పట్టే రెండు ముక్కల పుల్లర్‌తో బేరింగ్‌ని బయటికి నెట్టొచ్చు. పని త్వరగా అవుతుంది. కాకపోతే బేరింగ్ కింద షాఫ్ట్ ఎలా ఉందో బేరింగ్ వచ్చిన తర్వాత కొద్దిగా కనబడుతుంది తప్ప, స్టెర్న్ ట్యూబ్‌లో దాగి ఉన్న భాగం అసలు కనబడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్ట్‌కి గాలి ఆడని, నిలవ నీళ్లున్న చోటే గుంటలు పడే తుప్పు పడుతుంది. షాఫ్ట్ చాలా ఏళ్లుగా బయటికి రాలేదంటే, ఈ సాకుతో పూర్తిగా తీయమనే నా సలహా.

స్టెర్న్ ట్యూబ్‌లో ఉంటే మాత్రం షాఫ్ట్ బయటికి రావాల్సిందే.

షాఫ్ట్ తీసే ముందు చుక్కాని సంగతి చూడండి. షాఫ్ట్ నేరుగా వెనక్కి వస్తే చుక్కానికి తగులుతుందా? కొన్ని పడవల్లో చుక్కానిని ఒక పక్కకు పూర్తిగా తిప్పితే దారి దొరుకుతుంది. కొన్నింటిలో చుక్కాని దించాలి, దానికి కింద గొయ్యి తీయాలి, లేదా పడవను ఇంకాస్త ఎత్తులో నిలబెట్టాలి. ఇది స్టాండ్లు పెట్టకముందే తేలాలి. పని సగంలో తెలిస్తే ఆ టెన్షన్ వేరు.

3. కొలతలు, సామాను

కొత్త బేరింగ్ తెచ్చాకే పాతది తీయండి. కొనడానికి మూడు కొలతలు కావాలి: షాఫ్ట్ వ్యాసం, బేరింగ్ బయటి వ్యాసం, పొడవు. పొడవు సాధారణంగా షాఫ్ట్ వ్యాసానికి నాలుగింతలు ఉంటుంది. 25 మి.మీ. షాఫ్ట్‌కి 100 మి.మీ. అన్నమాట.

ఎక్కువమంది తప్పేది రెండో కొలతలో. ఒకే షాఫ్ట్ సైజుకి బయటి వ్యాసాలు చాలా దొరుకుతాయి. పైగా 25 మి.మీ., ఒక అంగుళం దాదాపు ఒకటేలా కనిపిస్తాయి కానీ ఒకటి కావు. అంగుళం అంటే 25.4 మి.మీ. టేపుతో కొలవకండి. వెర్నియర్ కాలిపర్‌తో, షాఫ్ట్‌లో అరగని చోట, పెయింటు గీకేసి కొలవండి. పాత బేరింగ్ మీద నంబర్ చెక్కి ఉంటే అదే అన్నిటికన్నా నమ్మకం.

బయటి గొట్టం ఇత్తడిదా, ఫైబర్ లాంటి లోహం కానిదా అనేది కూడా ఎంచుకోవచ్చు. అల్యూమినియం, స్టీలు హల్‌లలో లోహం కానిది మంచిది. అప్పుడు రెండు వేరువేరు లోహాలు ఉప్పునీళ్లలో కలిసి తుప్పుకి దారిచ్చే ప్రమాదం ఉండదు. ఫైబర్‌గ్లాస్ పడవలో కంచు స్ట్రట్ ఉంటే ఇత్తడి గొట్టం మామూలే.

దగ్గర ఉండాల్సినవి:

- వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజ్‌ల సెట్
- ప్రొపెల్లర్ పుల్లర్
- 12 నుంచి 16 మి.మీ. థ్రెడ్ రాడ్, దానికి నట్లు, మందపాటి వాషర్లు
- బేరింగ్ బయటి వ్యాసం కన్నా పెద్ద లోపలి వ్యాసం, బేరింగ్ కన్నా ఎక్కువ పొడవు ఉన్న దళసరి గొట్టం
- బేరింగ్ బయటి వ్యాసం కన్నా అర మిల్లీమీటరో మిల్లీమీటరో తక్కువ ఉన్న గుండ్రటి లోహపు దిమ్మ, మధ్యలో రాడ్‌కి రంధ్రంతో (లేత్ మీద క్షణాల్లో అయిపోతుంది)
- హ్యాక్‌సా బ్లేడ్లు, సన్నటి ఎమెరీ కాగితం, తుప్పు వదిలించే స్ప్రే
- గిన్నెలు తోమే లిక్విడ్ సోప్
- కొత్త గ్రబ్ స్క్రూలు (పక్క నుంచి నొక్కి పట్టే చిన్న స్క్రూలు), కొత్త స్ప్లిట్ పిన్ (నట్ ఊడకుండా అడ్డంగా దూర్చేది), కొత్త యానోడ్ (మిగతా లోహాల బదులు తాను తుప్పుపట్టి అరిగే ముక్క)
- గ్లాండ్‌కి కొత్త ప్యాకింగ్ (నీళ్లు ఆపడానికి షాఫ్ట్ చుట్టూ చుట్టే తాడు), లేదా మీ సీల్‌కి తయారీదారు చెప్పిన విడిభాగాలు
- కళ్లజోడు, చేతి తొడుగులు

మొదలుపెట్టే ముందు ఇంజిన్ తాళం చెవి తీసి జేబులో వేసుకోండి, బ్యాటరీ స్విచ్ ఆపేయండి. మీ చెయ్యి ప్రొపెల్లర్ దగ్గర ఉన్నప్పుడు లోపల ఎవరూ స్టార్ట్ చేసే వీలు ఉండకూడదు. పని కోసం స్టాండ్లను మీరే జరపొద్దు.

4. ప్రొపెల్లర్ విప్పడం

ముందు ఫోటోలు తీసుకోండి. నట్ల వరుస, యానోడ్ స్థానం, ప్రొపెల్లర్ ముందు అంచుకీ స్ట్రట్‌కీ మధ్య ఎంత సందు ఉందో రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఈ సందు కొలత అవసరమవుతుంది.

1. యానోడ్, స్ప్లిట్ పిన్ తీయండి.
2. ప్రొపెల్లర్ రెక్కకీ చుక్కానికీ మధ్య చెక్క ముక్క పెట్టడం అలవాటుగా చాలామంది చేస్తారు, చుక్కాని దెబ్బతింటుంది. షాఫ్ట్‌ని లోపలి కప్లింగ్ (షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే భాగం) దగ్గర పట్టి ఆపండి.
3. నట్లు వదులు చేయండి, కానీ పూర్తిగా తీయకండి. చివరి నట్‌ని మూడు నాలుగు మరల మీద ఉంచండి. ప్రొపెల్లర్ టేపర్ (షాఫ్ట్ చివర సన్నబడే భాగం) మీంచి ఒక్కసారిగా వదులుతుంది. నట్ లేకపోతే నేరుగా మీ పాదాల మీదికే.
4. పుల్లర్‌ని రెండు వైపులా సమానంగా బిగించండి. రాకపోతే బిగింపు అలాగే వదిలి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, గంట ఆగి చూడండి.

షాఫ్ట్ చివర సుత్తితో కొట్టొద్దు. మరలు చెడతాయి, దెబ్బ నేరుగా గేర్‌బాక్స్ బేరింగ్‌లకి చేరుతుంది.

కీని (షాఫ్ట్ మీద ప్రొపెల్లర్ జారి తిరగకుండా గాడిలో కూర్చునే లోహపు ముక్క) జాగ్రత్త చేయండి. అది ఎటు నుంచి ఎటు కూర్చుందో గుర్తు పెట్టుకోండి.

5. షాఫ్ట్ బయటికి తీయడం

షాఫ్ట్ తీయకుండా పుల్లర్‌తో చేసేవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు.

నిజం చెప్పాలంటే ఈ పని మొత్తంలో ఒళ్లు నలిగేది ఇక్కడే, అదీ బేరింగ్ దగ్గర కాదు, ఇంజిన్ గదిలో. కప్లింగ్ ఏళ్ల తరబడి షాఫ్ట్ మీద తుప్పుపట్టి బిగుసుకుని ఉంటుంది.

ముందు గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌కీ కప్లింగ్‌కీ ఒకే వరసలో పెయింటుతో గీత గీయండి. తర్వాత రెండింటినీ కలిపే బోల్టులు విప్పండి. కప్లింగ్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే గ్రబ్ స్క్రూలు, వాటికి కట్టిన తీగ, కొన్నిట్లో అడ్డంగా దూరిన పిన్ తీయండి. ఒక్కటి మర్చిపోయినా కప్లింగ్ కదలదు.

కప్లింగ్‌ని సుత్తితో కొట్టి తీయడానికి చూడకండి. షాఫ్ట్‌ని కాస్త వెనక్కి జరిపి, షాఫ్ట్ వ్యాసం కన్నా కొంచెం చిన్న స్పానర్ సాకెట్‌ని షాఫ్ట్ చివరకీ గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌కీ మధ్య పెట్టండి. పాత బోల్టుల చోట పొడుగాటి గట్టి బోల్టులు వేసి, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున వంతులవారీగా బిగించండి. సాకెట్ షాఫ్ట్‌ని వెనక్కి నెడుతుంది, కప్లింగ్ ముందుకి వస్తుంది. బలమంతా ఫ్లాంజ్‌కీ కప్లింగ్‌కీ మధ్యే సరిపోతుంది కాబట్టి గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ల మీద భారం పడదు.

ఎంతకీ రాకపోతే కప్లింగ్‌ని కోసేయడమే. షాఫ్ట్‌ని కాపాడుకుంటే చాలు. కొత్త కప్లింగ్‌ని మాత్రం షాఫ్ట్ మీద అమర్చి, లేత్ మీద ముఖం సరిచేయించాలి.

తర్వాత గ్లాండ్. పాత రకం స్టఫింగ్ బాక్స్ అయితే నట్ వదులు చేసి పాత ప్యాకింగ్ తీసేయండి. బెలోస్ (మడతల రబ్బరు గొట్టం) ఉన్న డ్రిప్‌లెస్ సీల్ అయితే తిరిగే రింగ్ గ్రబ్ స్క్రూలు విప్పాలి, తిరిగి అవే వాడకూడదు. పెదవి లాంటి అంచు ఉన్న రబ్బరు సీల్ అయితే కీవే (కీ కూర్చునే గాడి) అంచు ఆ పెదవిని కోసేస్తుంది. కీవే మీద పలచటి టేప్ చుట్టి లాగండి.

షాఫ్ట్‌ని ఇద్దరు పట్టుకుని తిన్నగా లాగండి. వెనక చివరను వదిలేస్తే దాని బరువుకే వంగే ప్రమాదం ఉంది.

6. పాత బేరింగ్ బయటికి

మొదట గ్రబ్ స్క్రూలు వెతకండి. స్ట్రట్ పక్కల మీద ఒకటో రెండో ఉంటాయి. ఏళ్ల పెయింటు కింద పూడిపోయి కనబడవు. గీకండి, ఎమెరీతో రుద్దండి. అవి ఉండగా పుల్లర్ బిగిస్తే బేరింగ్ రాదు, స్ట్రట్ మాత్రం దెబ్బతింటుంది. స్క్రూ తల అరిగి తిరగకపోతే మధ్యలో చిన్న డ్రిల్‌తో మొదలుపెట్టి తొలిచేయండి.

స్ట్రట్ మీద సుత్తి పడకూడదు. హల్‌లో దాని పట్టు వదులైతే పడవలోకి నీళ్లు వస్తాయి.

పుల్లర్ పద్ధతి: షాఫ్ట్ బయటికి తీసి ఉంటే థ్రెడ్ రాడ్‌ని బేరింగ్‌లోంచి దూర్చండి (షాఫ్ట్ తీయకపోతే దీని బదులు ముందు చెప్పిన రెండు ముక్కల పుల్లర్ వాడాలి). ఒక వైపు దిమ్మ పెట్టండి. అది రబ్బరు మీద కాక గొట్టం అంచు మీద కూర్చోవాలి. రెండో వైపు పెద్ద గొట్టాన్ని స్ట్రట్ ముఖానికి ఆనించండి. రాడ్ మరలకి కాస్త గ్రీజు రాసి నట్ బిగించండి. మొదట పెద్ద టక్‌మనే చప్పుడుతో వదులుతుంది, భయపడకండి. ఆ తర్వాత మెల్లగా గొట్టంలోకి వచ్చేస్తుంది.

కోసే పద్ధతి: షాఫ్ట్ బయట ఉండి, పుల్లర్‌కి లొంగకపోయినా, స్టెర్న్ ట్యూబ్‌లో ఉన్నా ఇదే దారి. ముందు రబ్బరును కత్తితో ముక్కలుగా పీకేయండి. లేకపోతే బ్లేడుకి చుట్టుకుని విసిగిస్తుంది. తర్వాత హ్యాక్‌సా బ్లేడ్‌ని లోపలికి దూర్చి, మీ వైపు లాగేటప్పుడు కోసేలా తిప్పి పట్టుకుని, పొడవునా ఒక గీత కోయండి. దానికి 10, 15 మి.మీ. దూరంలో ఇంకోటి. ఆ పట్టీని వంచి తీస్తే మిగతా గొట్టం లోపలికి ముడుచుకుని వదులవుతుంది.

ఎంత లోతు కోయాలి? కొత్త బేరింగ్ గొట్టం మందం కొలిచి, అంత కొలతను బ్లేడ్ మీద పెయింటుతో గుర్తు పెట్టండి. దాదాపు ఆ లోతు వచ్చాక ప్రతి నాలుగు లాగుళ్లకీ టార్చ్ వేసి చూడండి. స్ట్రట్‌కి చిన్న గీత పడితే పర్లేదు, గాడి పడితే పర్లేదనలేం.

వేడి చేసి తీయొచ్చు కదా అని అడుగుతుంటారు. గ్యాస్ మంట వద్దు. కాలిన నైట్రైల్ రబ్బరు పొగ పీల్చకూడనిది, పైగా స్ట్రట్ మొదట్లో ఉన్న రెసిన్ మెత్తబడుతుంది.

7. పాత బేరింగ్‌ని పరిశీలించండి

చెత్తబుట్టలో వేయకండి. కోసిన ముక్కలైనా సరే, ఏది పైకి, ఏది ముందుకి ఉందో గుర్తుతో బల్ల మీద పరచండి. షాఫ్ట్‌ని పక్కనే పెట్టండి. రెండింటినీ కలిపి చూస్తేనే కారణం దొరుకుతుంది.

బేరింగ్ ఒక వైపే అరిగి, షాఫ్ట్ మాత్రం చుట్టూ సమానంగా అరిగిందా? అయితే షాఫ్ట్ తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోట ఒత్తుతోంది. తప్పు ఇంజిన్ అలైన్‌మెంట్‌లో (ఇంజిన్, షాఫ్ట్ ఒకే వరసలో ఉండటంలో), లేదా స్ట్రట్ వంకరలో. ముందు భాగంలో కింద, వెనక భాగంలో పైన అరిగితే షాఫ్ట్ బేరింగ్‌లో ఏటవాలుగా పోతోందన్నమాట. ఇంజిన్ వైపు ఎత్తు సరిచేయాలి.

తిరగేసి చూడండి. బేరింగ్ చుట్టూ సమానంగా అరిగి, షాఫ్ట్ ఒక వైపే మెరుస్తూ అరిగిందా? షాఫ్ట్‌లో ఆ వైపే ఎప్పుడూ తగులుతోంది. షాఫ్ట్ వంగింది, లేదా ప్రొపెల్లర్ రెక్క దెబ్బతిని బ్యాలెన్స్ తప్పింది. ఏనాడైనా తాడు చుట్టుకుందా అని గుర్తు చేసుకోండి. షాఫ్ట్‌ని వర్క్‌షాపులో డయల్ గేజ్‌తో పరీక్షించాకే ముందుకి వెళ్లండి. కొత్త బేరింగ్ దీన్ని నయం చేయదు.

రెండూ చుట్టూ సమానంగా అరిగితే మంచి వార్తే. వయసు, ఇసుక కలిసిన నీళ్లు. లోతు తక్కువ చోట్ల తిరిగే పడవల్లో ఇది మామూలు.

రబ్బరు గట్టిపడి, నల్లగా మెరుస్తూ, పొరలుగా లేస్తే ఎండి కాలింది. ఒడ్డున ఇంజిన్‌ని గేర్‌లో నడిపారా? స్టెర్న్ ట్యూబ్‌కి నీళ్లు వచ్చే రంధ్రాలు పెయింటుతో మూసుకుపోయాయా?

ఇత్తడి గులాబీ రంగు తిరిగి, గోకితే పొడిగా రాలితే అందులోని జింక్ కరిగిపోయిందని అర్థం. యానోడ్ ఎప్పుడు మార్చారో చూసుకోండి, పడవ వైరింగ్‌ని ఎవరికైనా చూపించండి.

షాఫ్ట్ మీద గోరు పెట్టి అడ్డంగా గీయండి. గోరు ఆగేంత గాడి ఉంటే అదే చోట కొత్త రబ్బరు పెట్టడం వల్ల లాభం లేదు. షాఫ్ట్ మార్చాలి, లేదా అరగని భాగం బేరింగ్‌లో కూర్చునేలా జరిపే వీలుందేమో చూడాలి.

8. కొత్తది ఎక్కించడం

ముందు రెండు పరీక్షలు, పడవ దగ్గరికి వెళ్లకముందే.

- కొత్త బేరింగ్‌ని సబ్బు నీళ్లతో తడిపి షాఫ్ట్ మీద ఎక్కించండి. చేత్తోనే జారాలి, తిరగాలి.
- స్ట్రట్ రంధ్రాన్ని శుభ్రం చేసి, ముందు, మధ్య, వెనక కొలవండి. బేరింగ్ బయటి కొలతతో పోల్చండి.

కావాల్సింది తేలికపాటి బిగుతు. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. రంధ్రంలో తుప్పు, పెయింటు, పాత ఉప్పు పొర ఉంటే ఎమెరీతో తీసేయండి, లోహాన్ని మాత్రం తినేయకండి.

కొత్త బేరింగ్‌ని కొన్ని గంటలు ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టండి. 38 మి.మీ. ఇత్తడి గొట్టం 40 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.03 మి.మీ. తగ్గుతుంది. వినడానికి ఏమీ కాదు, కానీ మనకు కావాల్సిన బిగుతు కూడా దాదాపు అంతే. లోహం కాని గొట్టాలకి దీనివల్ల పెద్దగా ఉపయోగం లేదు. డ్రై ఐస్ జోలికి పోవద్దు, రబ్బరు పట్టు వదిలిపోవచ్చు.

1. రంధ్రం లోపల లిక్విడ్ సోప్ రాయండి. పెట్రోలియం గ్రీజు వద్దు.
2. బేరింగ్‌ని ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే తిన్నగా పెట్టండి. మొదటి 10 మి.మీ. చేత్తోనే వెళ్తే దారి సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్కకి వంగితే బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి.
3. అదే థ్రెడ్ రాడ్‌తో, ఈసారి దిమ్మను వెనక నుంచి పెట్టి లోపలికి లాగండి. మధ్యలో ఆపకండి, చలువ పోతే బిగుసుకుంటుంది.
4. పాతది ఎంత లోపలికి ఉండేదో అంతే ఉంచండి.
5. స్టెర్న్ ట్యూబ్‌లో అయితే నీటి రంధ్రాలు బేరింగ్ వెనక దాక్కోకుండా చూడండి.

నట్ బిగించడానికి స్పానర్‌కి పొడుగు గొట్టం తగిలించాల్సి వస్తోందంటే ఆగండి. అంత బిగుతుగా దిగిన గొట్టం లోపలికి నొక్కుకుపోయి, రబ్బరు షాఫ్ట్‌ని పట్టేస్తుంది. బయటికి తీసి రంధ్రం మళ్లీ కొలవండి.

మరీ వదులుగా ఉంటే, చేత్తో నెట్టినా జారిపోతుంటే, బేరింగ్‌ల కోసం దొరికే పట్టు జిగురు పలచగా రాయొచ్చు. పడవ అతుకులకి వాడే శాశ్వత సీలెంట్ మాత్రం వాడొద్దు, దాన్ని మళ్లీ తీయబోయేవాడు ఏడుస్తాడు.

గ్రబ్ స్క్రూలు: స్క్రూ రంధ్రంలోంచి డ్రిల్ పెట్టి గొట్టం మీద చిన్న గుంట మాత్రం చేయండి. గొట్టాన్ని దాటి రబ్బరులోకి పోకూడదు. స్క్రూ మొన ఆ గుంటలో ఆనితే చాలు. అతిగా బిగిస్తే గొట్టం లోపలికి ఉబ్బి షాఫ్ట్‌ని నొక్కుతుంది. మరలకి థ్రెడ్ లాకర్ రాయండి.

ఇప్పుడు షాఫ్ట్‌ని దూర్చి చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టుకుంటే ముందు గ్రబ్ స్క్రూలని అనుమానించండి.

9. తిరిగి కూర్చడం

షాఫ్ట్ దూర్చేటప్పుడు కీవే అంచు కొత్త రబ్బరును కోయకుండా టేప్ చుట్టండి, సబ్బు రాయండి. గ్లాండ్, కప్లింగ్ వచ్చిన వరుసకి తలకిందులుగా వెళ్తాయి. షాఫ్ట్‌ని లోపలికి పూర్తిగా నెట్టకముందే గ్లాండ్ భాగాలన్నీ దాని మీద ఎక్కాయో లేదో చూడండి. కప్లింగ్ బిగించాక సీల్ రింగ్ బల్ల మీదే ఉందని కనిపెట్టేవాళ్లు తక్కువేమీ కాదు.

ప్రొపెల్లర్‌ని కీ లేకుండా టేపర్ మీద గట్టిగా ఎక్కించి, అది ఎక్కడి దాకా వచ్చిందో షాఫ్ట్ మీద పెన్సిల్‌తో గీయండి. తీసి, కీతో ఎక్కించండి. అదే గీత దాకా రావాలి. రాకపోతే కీ ఎత్తుగా ఉండి ప్రొపెల్లర్‌ని టేపర్ మీద కూర్చోనివ్వడం లేదు. కీ పైభాగం కాస్త అరగదీయాలి.

రెండు నట్లుంటే ముందు సన్నది, దాని మీద మందమైనది. చాలా పడవల్లో తలకిందులుగా కనిపిస్తుంది. భారం మోసేది బయటి నట్ కాబట్టి మందమైనది బయట ఉండటమే సరైనది. కొత్త స్ప్లిట్ పిన్ వేయండి.

ప్రొపెల్లర్ ముందు అంచుకీ బేరింగ్‌కీ మధ్య నీళ్లు బయటికి పోయేంత సందు ఉండాలి, కానీ షాఫ్ట్ వ్యాసం కన్నా ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే ప్రొపెల్లర్ బరువుకి షాఫ్ట్ చివర ఊగుతుంది. యానోడ్‌ని కూడా బేరింగ్ నోటికి అంటుకునేలా బిగించకండి, నీళ్ల దారి మూసుకుపోతుంది. ఉప్పునీళ్లకి జింక్, మంచినీళ్లకి మెగ్నీషియం, రెండూ కలిసే చోట అల్యూమినియం.

పెయింటు వేసేటప్పుడు బేరింగ్ రెండు నోళ్లకీ టేప్ అంటించండి, తర్వాత తీయడం మర్చిపోకండి.

10. నీళ్లలో అలైన్‌మెంట్

ఒడ్డున చేసే అలైన్‌మెంట్ తాత్కాలికం. స్టాండ్ల మీద హల్ ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లలో తేలుతూ, మాస్ట్ తీగలు బిగించాక ఇంకో ఆకారంలో ఉంటుంది. పడవ నీళ్లలోకి దిగాక కనీసం ఒక రోజు ఆగి కొలవండి.

కప్లింగ్ బోల్టులు విప్పి, రెండు ముఖాలనూ చేత్తో దగ్గరికి తెచ్చి, పైన, కింద, కుడి, ఎడమ ఫీలర్ గేజ్ పెట్టండి. గరిష్ఠ, కనిష్ఠ కొలతల మధ్య తేడా కప్లింగ్ వ్యాసంలో ప్రతి 25 మి.మీ.కి 0.025 మి.మీ. దాటకూడదు. 100 మి.మీ. కప్లింగ్‌కి 0.1 మి.మీ.

ఇప్పుడు షాఫ్ట్‌ని మాత్రం పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. పెద్ద సందు ఉన్న చోటే ఉంటే ఇంజిన్‌ని జరపాలి. సందు షాఫ్ట్‌తో పాటు తిరిగితే ఇంజిన్ తప్పు కాదు, కప్లింగ్ ముఖమో షాఫ్టో వంకరగా ఉంది.

ముందు ఎత్తు సరిచేయండి, తర్వాత పక్కలు. మౌంట్ నట్లు బిగించగానే కొలత మళ్లీ మారుతుంది, కాబట్టి బిగించాకే చివరి కొలత. రబ్బరు కప్లింగ్ ఉంది కదా అని ఇది వదిలేయొద్దు. రబ్బరు వణుకును తగ్గిస్తుంది, వంకరను కాదు.

నీళ్లలోకి దిగాక చూసుకోవాల్సినవి:

- పడవను ఎత్తే పట్టీలు విప్పకముందే గ్లాండ్ దగ్గరికి వెళ్లి నీళ్లు వస్తున్నాయేమో చూడండి
- డ్రిప్‌లెస్ సీల్ అయితే బెలోస్‌నో రబ్బరునో నొక్కి, నీళ్లు చిమ్మేదాకా లోపలి గాలి వదలండి
- షాఫ్ట్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పండి
- అలైన్‌మెంట్ కొలిచాక, పడవను కట్టేసి, తక్కువ వేగంలో ముందుకి, వెనక్కి గేర్ వేయండి
- పాత రకం గ్లాండ్ అయితే తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు రావాలి, పూర్తిగా ఆపకండి
- పది నిమిషాల తర్వాత గ్లాండ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చన పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి అయితే వదులు చేయండి

11. ఇంకా తేడాగా ఉంటే

వణుకు పోలేదు: బేరింగ్ కొత్తదే కాబట్టి ఇక మిగిలింది ప్రొపెల్లర్, షాఫ్ట్, ఇంజిన్ మౌంట్లు. ఒకే వేగం దగ్గర వణికితే ముందు మౌంట్ల రబ్బరు చూడండి. వేగం పెరిగేకొద్దీ పెరుగుతూ పోతే ప్రొపెల్లర్ బ్యాలెన్స్.

తక్కువ వేగంలో కీచుమనే చప్పుడు: కొత్త రబ్బరు కుదురుకునే వరకు అలా ఉండొచ్చు. కొన్ని గంటలు నడిచినా తగ్గకపోతే నీళ్లు సరిగ్గా అందడం లేదు, లేదా అలైన్‌మెంట్ తప్పింది.

షాఫ్ట్ చేత్తో తిరగడం లేదు: కప్లింగ్ విప్పి చూడండి. విప్పగానే తేలికగా తిరిగితే అలైన్‌మెంట్. విప్పినా తిరగకపోతే గ్లాండ్ ప్యాకింగ్ వదులు చేయండి. అప్పటికీ తిరగకపోతే బేరింగ్ బిగుతు. పడవ మళ్లీ బయటికి రావాల్సిందే.

బేరింగ్ వెనక్కి జరుగుతోంది: గ్రబ్ స్క్రూ గుంటలో కూర్చోలేదు. ప్రొపెల్లర్‌కి తగిలేదాకా ఆగకుండా, డైవింగ్ చేసి చూసేవాళ్లు దొరికితే స్క్రూ మళ్లీ బిగించమనండి.

మొదటి కొన్ని గంటల ప్రయాణం తర్వాత కప్లింగ్ బోల్టులు, మౌంట్ నట్లు, సీల్ గ్రబ్ స్క్రూలు ఒకసారి తడిమి చూడండి. కొత్త ప్యాకింగ్ అప్పటికి కాస్త అణిగి ఉంటుంది, గ్లాండ్ నట్‌కి పావు చుట్టు కన్నా తక్కువే బిగింపు సరిపోతుంది.